రాత్రి 2:17కి జరిగిన లాగిన్: ఒక గ్రానైట్ సంస్థ వెబ్‌మెయిల్ కేస్ స్టడీ

ఒంగోలులో ఉంటూ చిన్న సంస్థల మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా పని. ఈ కేసులో సంస్థ పేరు, మనుషుల పేర్లు, తేదీలు, కొనుగోలుదారుడి దేశం తీసేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. గడియారం లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఒక మనిషి ఉద్యోగం వాటి మీదే ఆధారపడింది.

నేపథ్యం

చీమకుర్తి చుట్టుపక్కల బ్లాక్ గెలాక్సీ రాయి మీద బతికే సంస్థల్లో ఇదొకటి. క్వారీ సొంతం కాదు. బ్లాకులు కొని, కోసి, మెరుగు పెట్టి స్లాబులుగా విదేశాలకు పంపుతారు. కొనేవాళ్లతో వ్యవహారమంతా మెయిల్‌లోనే జరుగుతుంది: స్లాబుల ఫోటోలు, ధర బేరాలు, ప్రొఫార్మా ఇన్వాయిస్ (ముందస్తు బిల్లు), అడ్వాన్సు, కంటైనర్ బయలుదేరాక బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకు అందినట్టు పత్రం) కాపీ. ఒక్కో మెయిల్ వెనక లక్షల రూపాయలుంటాయి. వాటిని మోసే సర్వర్ మాత్రం నెలకు వెయ్యి రూపాయలలోపు అద్దె.

ఆ సర్వర్‌ను కొన్నేళ్ల కింద యజమాని బంధువుల అబ్బాయి అమర్చాడు. డెబియన్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, మెయిల్ పంపడానికి పోస్ట్‌ఫిక్స్, పెట్టెలు చూసుకోవడానికి డవ్‌కాట్, బ్రౌజర్‌లో మెయిల్ చదువుకోవడానికి అపాచీ అనే వెబ్ సర్వర్ మీద రౌండ్‌క్యూబ్. మొత్తం పదకొండు మెయిల్‌బాక్సులు. పని శుభ్రంగానే చేశాడు. ఫెయిల్‌టుబ్యాన్ కూడా పెట్టాడు. పది నిమిషాల్లో ఐదుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టిన ఇంటర్నెట్ చిరునామాను (ఐపీ అడ్రసును) అది పది నిమిషాలపాటు బయట నిలబెడుతుంది. తర్వాత అతను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆ యంత్రంలోకి ఎవరూ తొంగిచూడలేదు. మెయిల్ వస్తోంది, పోతోంది. ఇంకేం చూడాలి?

వచ్చిన సమస్య

ఒకరోజు విదేశీ కొనుగోలుదారు యజమానికి నేరుగా ఫోన్ చేసి, మీ బ్యాంకు ఖాతా ఎందుకు మారింది, అదీ వేరే దేశంలోని బ్యాంకుకు ఎందుకు మారింది అని అడిగాడు. యజమానికి ఏమీ అర్థం కాలేదు. కొత్త ఖాతా వివరాలతో వచ్చిన మెయిల్ సంస్థ అకౌంటెంటు పెట్టె నుంచే వెళ్లింది. ఒక అక్షరం అటూ ఇటూ మార్చిన నకిలీ డొమైన్ కాదు, అసలు చిరునామాయే. జరుగుతున్న సంభాషణకే జవాబుగా వెళ్లింది. కంటైనర్ల సంఖ్య, స్లాబుల కొలతలు, అడ్వాన్సు శాతం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమె పంపలేదు. ఆమె పంపినవాటి ఫోల్డర్‌లోనూ అది లేదు. కొనుగోలుదారుకు అనుమానం రాబట్టి డబ్బు కదలలేదు.

నన్ను పిలిచేలోపే వాళ్లు రెండు పనులు చేశారు. మొదటిది, అందరి పాస్‌వర్డ్‌లూ మార్చారు. సంస్థ పేరు, పక్కన ఈ ఏడాది అంకె, పదకొండు పెట్టెలకూ అదే. రెండోది, సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ సహాయ విభాగానికి ఫోన్ చేశారు. అక్కడి మనిషి మెయిల్ లాగ్ (ఎప్పుడు ఏం జరిగిందో సర్వర్ రాసుకునే పద్దు) చూసి, అకౌంటెంటు పెట్టెలోకి ఫలానా గురువారం 20:47కి వెబ్‌మెయిల్ ద్వారా ఎవరో వెళ్లారని చెప్పాడు. ఎనిమిదీ ముప్పావు. ఆ గురువారం రాత్రి కంటైనర్ లోడింగ్ జరిగింది. ఆ వేళకు ఆఫీసు గదిలో ఉన్నది డిస్పాచ్ గుమాస్తా ఒక్కడే.

నేను వెళ్లేసరికి అతన్ని రెండు రోజులు ఇంట్లో ఉండమన్నారు. ఆరేడేళ్లుగా పనిచేస్తున్న మనిషి. "నాకూ నమ్మబుద్ధి కావడం లేదు. కానీ కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదయ్యా," అన్నాడు యజమాని. నేను అడిగిందొకటే: నేను మళ్లీ ఫోన్ చేసేదాకా ఎవరితోనూ ఏ మాటా అనవద్దు.

ముందుగా కాపీ

సర్వర్‌లోకి వెళ్లగానే దేన్నీ సరిచేయలేదు. లాగ్ ఫైళ్లన్నిటినీ, ఆ పెట్టె ఫోల్డర్‌నీ, ఫైళ్ల తేదీలు చెడకుండా నా దగ్గరికి కాపీ చేసుకున్నాను. కారణం ఉంది. ఆ సర్వర్‌లో మెయిల్ లాగ్ వారానికోసారి మారుతుంది, పాతవి నాలుగే మిగులుతాయి, ఐదోది చెరిగిపోతుంది. ఎవరూ మార్చకపోతే చాలా చోట్ల ఉండే అమరికే ఇది. ఆ గురువారం వివరాలు అప్పటికే మూడో పాత ఫైలులోకి జరిగిపోయాయి. ఇంకో పదిహేను రోజులు ఆలస్యమైతే గుమాస్తా దోషి అనడానికీ ఆధారం ఉండేది కాదు, కాదనడానికీ ఉండేది కాదు. అలాంటప్పుడు సాధారణంగా అనుమానమే గెలుస్తుంది.

తర్వాత నేను చేసింది పొరపాటు. పాస్‌వర్డ్ తప్పిన ప్రయత్నాల వెంట పడ్డాను. ఫైలు తెరిస్తే అవే కనిపిస్తాయి, వేల వరుసలు. అడ్మిన్, ఇన్ఫో, సేల్స్, టెస్ట్, ఆ సంస్థలో ఎన్నడూ లేని పేర్లు. పోస్ట్‌ఫిక్స్ రాసిన ఇలాంటి వరుసల చివర అర్థంకాని పన్నెండు అక్షరాల గుంపు ఒకటుంటుంది. యజమాని నా భుజం మీదుగా చూసి, "అది వాళ్లు కొట్టిన పాస్‌వర్డా?" అని అడిగాడు. కాదు. ‘పాస్‌వర్డ్:’ అనే ఇంగ్లీషు మాటనే బేస్64 అనే సంకేత పద్ధతిలో రాస్తే అలా ఉంటుంది. సర్వర్ వేసిన ప్రశ్నే అది, జవాబు కాదు. "ఇంతమంది మన మీదే పడ్డారా?" అన్నాడు. ఎవరూ ప్రత్యేకంగా మీ మీద పడలేదన్నాను. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న ప్రతి మెయిల్ సర్వర్ తలుపూ తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రాములవి. సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకుంటే అలల చప్పుడు ఉండదా?

అలా చెప్పిన నేనే సగం రోజు ఆ చప్పుడు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఏ చిరునామా ఎన్నిసార్లు తట్టింది, ఏ దేశం ఎక్కువ, రంగుల పట్టిక కూడా తయారైంది. చూడముచ్చటగా ఉంది. అందులో దొంగ లేడు.

సాయంత్రానికి ప్రశ్న మార్చాను. లోపలికి వెళ్లినవాళ్లు ఎవరు?

కాటా దగ్గర ఒకే లారీ నంబరు

డవ్‌కాట్ ప్రతి లాగిన్‌కూ ఒక వరుస రాస్తుంది: ఎవరి పెట్టె, ఏ చిరునామా నుంచి. 20:47 వరుస దొరికింది. కానీ చిరునామా చోట 127.0.0.1 ఉంది. అంటే ఆ సర్వరే. గుమాస్తా వెళ్లినా, అకౌంటెంటు వెళ్లినా, భూగోళం అవతల దొంగ వెళ్లినా వెబ్‌మెయిల్ ద్వారా అయితే డవ్‌కాట్‌కు కనిపించేది అదే. బ్రౌజర్ మాట్లాడేది రౌండ్‌క్యూబ్‌తో. పక్కనే ఉన్న డవ్‌కాట్‌ను అడిగేది రౌండ్‌క్యూబ్. చీమకుర్తి వాళ్లకు ఇలా చెబితే వెంటనే అర్థమైంది: కాటా దగ్గర కూర్చున్నవాడు వచ్చిన ప్రతి లారీకీ సొంత కాటా నంబరే రిజిస్టరులో రాసుకున్నాడు. బరువులన్నీ ఉన్నాయి, టైములున్నాయి, లారీ నంబరు ఒక్కటీ లేదు.

రౌండ్‌క్యూబ్ సొంత లాగ్ చూశాను. అందులో ఇంకో వింత. పాస్‌వర్డ్ తప్పితే బయటి చిరునామాతో సహా తప్పుల ఫైలులో రాస్తుంది. సరిగ్గా కొట్టి లోపలికి వెళితే ఏమీ రాయదు. సఫలమైన లాగిన్లు కూడా రాయమని విడిగా చెప్పాలి. ఇక్కడ ఎవరూ చెప్పలేదు. తప్పు తాళంచెవితో వచ్చినవాడి వివరాలన్నీ ఉన్నాయి, సరైన తాళంచెవితో వచ్చినవాడిదే లేదు.

మిగిలింది అపాచీ లాగ్. వెబ్‌మెయిల్ లాగిన్ సఫలమైతే సర్వర్ 302 అనే సంకేతంతో ఇన్‌బాక్స్ పేజీకి పంపిస్తుంది. ఆ వరుసలో బయటి చిరునామా ఉంటుంది, పెట్టె పేరు ఉండదు. డవ్‌కాట్‌లో పెట్టె పేరు ఉంటుంది, బయటి చిరునామా ఉండదు. రెండింటినీ సెకను సెకనుకూ పక్కపక్కన పెట్టాలి. పెట్టాను, సరిపోయింది. ఆ పని చేస్తుండగానే అపాచీ వరుసలో సమయం పక్కన ఉన్న చిన్న ముక్క కంటబడింది: +0000.

మనదైతే +0530 ఉండాలి. అంటే ఈ సర్వర్ గడియారం యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), మనకంటే ఐదున్నర గంటలు వెనక. పాత పద్ధతి మెయిల్ లాగ్‌లో ఆ ముక్క ఉండదు. అందులో నెల, తేదీ, టైము తప్ప సంవత్సరం కూడా ఉండదు. సహాయ విభాగం మనిషి చదివింది ఆ ఫైలునే. అతను ఉన్నదే చదివి చెప్పాడు, విన్నవాళ్లు మన గడియారం అనుకున్నారు. 20:47కు ఐదున్నర గంటలు కలిపితే రాత్రి 2:17. గురువారం కూడా కాదు, శుక్రవారం. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో గుమాస్తా గురువారం రాత్రి 9:40కి బయటికి వెళ్లినట్టు సంతకం ఉంది.

యజమాని తెలివైనవాడు. "ఇంటికెళ్లి అక్కడి నుంచి చేసి ఉండవచ్చు కదా," అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. టైము తప్పని తేలినంత మాత్రాన మనిషి నిర్దోషి అని తేలదు. అందుకే ఆ రాత్రి అతనికి ఫోన్ చేయమని చెప్పలేదు.

బయటి చిరునామా ఎవరిదో చూస్తే, మన దేశంలోనే ఒక డేటా సెంటర్‌లో అద్దెకు దొరికే సర్వర్‌ది. ఇంటి ఇంటర్నెట్టూ కాదు, మొబైలూ కాదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ చిరునామా నుంచి అంతకుముందు ఒక్క తప్పు ప్రయత్నం కూడా లేదు. మొదటిసారే సరైన పాస్‌వర్డ్ కొట్టాడు. ఊహించలేదు, అతనికి తెలుసు. ఎలా తెలిసింది?

అకౌంటెంటు పెట్టెలో ఆ ముందు నాలుగు రోజుల మెయిళ్లు ఒక్కొక్కటే చూశాను. మంగళవారం నాటిది ఒకటి: మీ మెయిల్‌బాక్స్ దాదాపు నిండిపోయింది, కొత్త మెయిళ్లు ఆగిపోకుండా ఇక్కడ లాగిన్ అవండి. ఆమెను పిలిచి అడిగితే గుర్తుంది. "ఒకసారి కొడితే మళ్లీ లాగిన్ పేజీయే వచ్చింది సార్. తప్పు కొట్టాననుకుని ఇంకోసారి కొట్టాను, తెరుచుకుంది." ఆ పేజీల పద్ధతే అది. మొదటి పేజీ దొంగది. పాస్‌వర్డ్ తీసుకుని అసలు వెబ్‌మెయిల్ పేజీకి పంపేస్తుంది. రెండోసారి కొట్టింది నిజమైన చోటే కాబట్టి అనుమానానికి తావుండదు. చెప్పేటప్పుడు ఆమె చేతులు వణికాయి. యజమాని ఏదో అనబోతే, ఇన్వాయిస్‌ల హడావుడిలో నేనైనా కొట్టేవాడినేమో అన్నాను. మాటవరసకు అనలేదు.

అప్పుడు యజమాని బయటికెళ్లి గుమాస్తాకు ఫోన్ చేశాడు. వినిపించింది ఒక్క ముక్క: "రేపు పొద్దున్నే వచ్చెయ్."

దాగి ఉన్న ఫిల్టర్

పాస్‌వర్డ్ మార్చాం కదా, ఇక భయం లేదు కదా అన్నది వాళ్ల తర్వాతి ప్రశ్న. ఆమె పెట్టెలో మెయిళ్లను వేరుచేసే సీవ్ ఫిల్టర్ ఫైలు ఒకటుంది. ఆమె ఎప్పుడూ పెట్టుకోలేదట. ఫైలు చివరిసారి మారిన సమయం 20:52 యూటీసీ, అంటే దొంగ లోపలికి వచ్చిన ఐదు నిమిషాలకు. అందులో రెండే నియమాలు. ఇన్వాయిస్, పేమెంట్, బ్యాంకు అన్న మాటలున్న ప్రతి మెయిల్ నకలునూ బయటి ఉచిత చిరునామాకు పంపు. ఫలానా కొనుగోలుదారు డొమైన్ నుంచి వచ్చే జవాబుల్ని చదివినట్టు గుర్తుపెట్టి, ఎవరూ తెరవని పాత ఫోల్డర్‌లో పడెయ్.

కొనుగోలుదారు ఫోన్ చేయడానికి ముందు మెయిల్‌లో కూడా అడిగాడు, బ్యాంకు ఎందుకు మారిందని. ఆ ప్రశ్న ఆమెకు కనిపించలేదు. జవాబు మాత్రం వెళ్లింది, అర్ధరాత్రి దాటాక.

ఫిల్టర్ పనిచేసేది మెయిల్ వచ్చినప్పుడు సర్వర్‌లో. దానికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. డవ్‌కాట్ లాగ్ ప్రకారం, వీళ్లు పాస్‌వర్డ్‌లన్నీ మార్చిన సాయంత్రం తర్వాత కూడా రెండు మెయిళ్లు బయటికి వెళ్లాయి. ఆ వరుసలు చూపించినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఫైలుకు కాపీ తీసుకుని అప్పుడు తీసేశాను. మిగతా పది పెట్టెలూ చూశాను, శుభ్రంగా ఉన్నాయి. అప్పటికే తెరిచి ఉన్న ఐమ్యాప్ (మెయిల్ యాప్‌లు పెట్టెను చదివే దారి) కనెక్షన్లను కూడా తెంచాను. పాస్‌వర్డ్ మారినా అవి వాటంతట అవి తెగవు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను. డబ్బు పోలేదు కదా, ఎందుకు అన్నారు. ఆ ఖాతాకు వేరేవాళ్ల డబ్బు వెళ్లవచ్చు కదా.

ఫలించనివి

ఇక మళ్లీ జరగకుండా చూడాలి. నేను వేసిన మొదటి మూడు అడుగులూ తప్పాయి.

మొదట ఫెయిల్‌టుబ్యాన్‌ను బిగించాను. మూడు తప్పులకే నిషేధం, ఒక రోజంతా. మర్నాడు తొమ్మిదిన్నరకు ఆఫీసంతా బయట పడింది. పదకొండు పెట్టెల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. ఆఫీసులో ఉన్నది ఒకే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, బయటికి కనిపించేది ఒకే చిరునామా. ఎవరో పాత పాస్‌వర్డ్‌తో ఆగకుండా తడుతున్నారు. గంటసేపు వెతికితే దొరికింది. షోరూములో నమూనా రాళ్ల అర కింద, ఛార్జింగ్‌లో పెట్టి అందరూ మర్చిపోయిన ట్యాబ్. ఒకప్పుడు కొనుగోలుదారులకు ఫోటోలు చూపించడానికి కొన్నది. కొన్ని నిమిషాలకోసారి లేచి, పాత పాస్‌వర్డ్ చెప్పి, తిట్లు తిని పడుకుంటోంది.

పోనీ దొంగలకైనా ఇబ్బంది కలిగిందా అంటే, లేదు. ఈ కాలంలో ఊహించేవాళ్లు ఒక్కో చిరునామా నుంచి ఒకటి రెండుసార్లే తట్టి ఇంకో చిరునామాకు మారతారు. వాళ్లకు ఐదైనా మూడైనా ఒకటే. వెబ్‌మెయిల్ వైపు అసలు కాపలాయే లేదు. అక్కడి ప్రయత్నాలన్నీ డవ్‌కాట్ లాగ్‌లో 127.0.0.1గానే ఉంటాయి, ఫెయిల్‌టుబ్యాన్ తన సొంత యంత్రాన్ని నిషేధించదు. నిషేధించి ఉంటే ఇంకా ఘోరం. ఎవరో బయటివాడు మూడుసార్లు తప్పు కొడితే అందరికీ వెబ్‌మెయిల్ మూతపడేది.

రెండోది యజమాని ఆలోచన: మన దేశం తప్ప అన్నీ మూసేయ్. దొంగ వచ్చిందే మన దేశపు డేటా సెంటర్ నుంచి అని చెప్పినా, మనసు కుదుటపడుతుందేమోనని పెట్టాను. అలా ఒప్పుకోవడం నా బలహీనత. అది మార్చి నెల. షియామెన్ రాతి ప్రదర్శనకు ఆయన చైనా వెళ్లాడు. అక్కడ ఉదయం తొమ్మిది, ఇక్కడ ఆరున్నర. నా ఫోన్ మోగింది. హోటల్‌లో కూర్చుని మెయిల్ తెరవలేకపోతున్నాడు. ఆ అడ్డు తీసేసి మళ్లీ పడుకున్నాను.

మూడోది, ప్రతి లాగిన్‌కూ ఆ పెట్టె యజమానికి ఒక హెచ్చరిక మెయిల్. వినడానికి బాగుంటుంది. ఫోన్లలోని మెయిల్ యాప్‌లు రోజంతా లాగిన్ అవుతూనే ఉంటాయి. మూడో రోజుకు మార్కెటింగ్ అబ్బాయి ఆ హెచ్చరికలన్నీ ఒక ఫోల్డర్‌లో పడేలా ఫిల్టర్ పెట్టుకుని, మిగతావాళ్లకూ నేర్పాడు. దొంగ పెట్టిన ఫిల్టర్‌కూ దీనికీ నియమాల వరుస కూడా ఒకటే.

నిలిచినవి

కాటా నంబరు సంగతి ముందు సరిచేశాను. డవ్‌కాట్‌లో నమ్మదగిన యంత్రాల జాబితా పెట్టే అమరిక ఉంది. అందులో వెబ్‌మెయిల్‌ను చేర్చి, బ్రౌజర్ అసలు చిరునామాను రౌండ్‌క్యూబ్ అందించేలా ప్లగిన్ పెడితే డవ్‌కాట్ దాన్నే రాస్తుంది. రౌండ్‌క్యూబ్‌లో సఫలమైన లాగిన్ల నమోదు తెరిచాను. ఫెయిల్‌టుబ్యాన్‌ను పాత ఐదు తప్పులకే తెచ్చి, వెబ్‌మెయిల్ తప్పుల ఫైలును కూడా చూడమన్నాను. మెయిల్ లాగ్‌లో సంవత్సరం, ఐదున్నర గంటల తేడా రెండూ పడే తేదీ పద్ధతికి మార్చాను. లాగ్ ఫైళ్లు 26 వారాలు ఉండేలా చేశాను. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచాలనీ, గడియారాలు సరిచూసుకోవాలనీ, ఘటన గమనించిన ఆరు గంటల్లో తెలపాలనీ ఉంది. అది పెద్ద కంపెనీలకే అనుకునే చిన్న సంస్థలు నాకు చాలా తగులుతుంటాయి. కుదించి దాస్తే ఆరు నెలల లాగ్ ఈ సర్వర్‌లో పట్టే చోటు నాలుగు పెళ్లి ఫోటోలంత.

అసలు పని చేసింది ఉదయం చీటీ. రోజూ ఏడింటికి ఒక చిన్న స్క్రిప్టు గత 24 గంటల్లో లోపలికి వెళ్లిన లాగిన్లను మాత్రమే తీస్తుంది. తప్పిన ప్రయత్నాలు అందులో ఒక్కటి కూడా ఉండవు. ఫోన్ల చిరునామా పూటకోసారి మారుతుంది కాబట్టి చిరునామాతో కాక, అది ఏ కంపెనీ నెట్‌వర్క్‌దో దానితో గుంపు చేస్తుంది. ఒక పెట్టెకు గత ముప్పై రోజుల్లో కనిపించని నెట్‌వర్క్ అయితేనే వరుస రాస్తుంది. కింద ఇంకో పంక్తి: నిన్నటి నుంచి మారిన ఫిల్టర్లు. ఏమీ లేని రోజున కూడా "కొత్తవి లేవు" అని వస్తుంది. చీటీ రాకపోతే స్క్రిప్టు చచ్చిపోయిందని అర్థం కావాలి. అది వెళ్లే పెట్టె ఈ సర్వర్‌లో లేదు. లోపలికి దూరినవాడు మొదట దాచేది దాన్నే.

చీటీ ఎవరు చదవాలన్న దగ్గర వాదన జరిగింది. అకౌంటెంటుకు పంపుదామన్నాను. "మోసపోయిన అమ్మాయికే కాపలా అప్పగిస్తావా?" అన్నాడు యజమాని. నా లెక్క వేరు. హైదరాబాదు నెట్‌వర్క్ నుంచి మేనేజరు పెట్టె తెరుచుకుంటే నాకు అది అనుమానం, ఆమెకు ఆయన కూతురి పెళ్లిచూపులు. గుమాస్తా పెట్టె నెల్లూరు జిల్లా వైపు కొత్త మొబైల్ నెట్‌వర్క్‌లో కనిపిస్తే, కృష్ణపట్నం పోర్టుకు వెళ్లాడని ఆమెకు తెలుసు. వోచరు తనే రాసింది కదా. ఎవరు ఎక్కడున్నారో తెలిసిన మనిషి ఆఫీసులో ఆమే. పైగా ఒకసారి చెయ్యి కాలింది, నిర్లక్ష్యం చేయదు. ఒక నెల చూద్దామన్నాడు. ఆ నెల గడిచాక ఆ మాట మళ్లీ రాలేదు.

వెబ్‌మెయిల్‌కు రెండో తాళం కూడా పెట్టాం. ఫోన్‌లో ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్. రెండు చిక్కులు. క్యాషియరు గారికి స్మార్ట్ ఫోన్ లేదు, కొననని కూడా చెప్పారు. ఆయన పెట్టె ఆఫీసు కనెక్షన్ నుంచే తెరుచుకునేలా కట్టేశాను. ఆయన ఎలాగూ ఆఫీసులోనే చూస్తారు. రెండోది చాలామంది మర్చిపోయేది: వెబ్‌మెయిల్‌కు పెట్టిన కోడ్ ఐమ్యాప్‌ను గానీ, మెయిల్ పంపే పోర్టును గానీ కాపాడదు. ముందు గుమ్మానికి రెండు తాళాలు వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టే. అందుకే ఏడు పెట్టెలకు ఐమ్యాప్ పూర్తిగా మూశాను. ఫోన్‌లో మెయిల్ కావాలన్న నలుగురికి, ఒక్కో పరికరానికి విడిగా, నేనే తయారుచేసిన పొడవైన పాస్‌వర్డ్ ఇచ్చాను. ఇంత చేసినా దొంగ పేజీ ఆరంకెల కోడ్‌ను కూడా అడిగి అప్పటికప్పుడు వాడుకోగలదు. కాబట్టి చీటీ ఆగదు.

ప్రొఫార్మా ఇన్వాయిస్ అడుగున ఒక వాక్యం అచ్చు వేయించారు: మా బ్యాంకు వివరాలు మెయిల్ ద్వారా మారవు, మారినట్టు కనిపిస్తే మీ దగ్గర ఇప్పటికే ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. నా పనంతటికంటే ఈ వాక్యమే చవక. దీన్ని మొదటి రోజే రాయించాల్సింది. లాగ్ ఫైళ్ల మోజులో రెండు వారాలు ఆలస్యం చేశాను. ఇప్పుడు ఇలాంటి పిలుపు ఎక్కడి నుంచి వచ్చినా, సర్వర్ పాస్‌వర్డ్ అడగడానికి ముందు ఆ వాక్యం పంపిస్తున్నాను. రెండో మాటగా ఫిల్టర్లు చూస్తున్నాను. తప్పిన ప్రయత్నాల రంగుల పట్టిక మాత్రం ఇంకెప్పుడూ చేయలేదు.

ఏడో వారంలో అకౌంటెంటు ఫోన్ చేసింది. సేల్స్ పెట్టెలోకి ఒక డేటా సెంటర్ నెట్‌వర్క్ నుంచి రాత్రి లాగిన్. సర్వర్ ముందు కూర్చోబోతుంటే ఆమె అడిగింది: "సార్, చీటీలో 11:50 అని ఉంది. ఇది మన టైమా, దాని టైమా?"

మన టైమే. ఆ రాత్రి ఎవరూ దొంగతనానికి రాలేదని తర్వాత తేలింది. ఉద్యోగం మానేసిన మార్కెటింగ్ అబ్బాయి ఫోన్‌లో ఈ పెట్టె ఇంకా అలాగే ఉంది. అతను కొత్తగా పెట్టుకున్న మెయిల్ యాప్, పాస్‌వర్డ్‌ను తన కంపెనీ సర్వర్లకు తీసుకెళ్లి అక్కడి నుంచి మెయిళ్లు తెచ్చే రకం. ఆ పరికరం పాస్‌వర్డ్ రద్దు చేశాను. అతను మానేసి అప్పటికి పంతొమ్మిది రోజులైంది. ఎవరైనా మానేసిన రోజే నాకు చెప్పే బాధ్యత ఇప్పుడు డిస్పాచ్ గుమాస్తాది.